పిట్టలదొర హాస్యము

ఒక్కడే జనుల యెదుట నిలిచి, లోకమున కన్నదానినే చెప్పి నవ్వించు విద్య పాశ్చాత్యమని పలువురు తలంతురు. తెలంగాణమున పిట్టలదొరది ఈ విద్యయే. ఖాకీ దుస్తులు, టోపీ, కట్టె తుపాకి అతని పరికరములు. తుపాకి రాముడనియు, లత్కోర్ సాబనియు నామాంతరములు. లేని సంపదలు తనవని కోతలు కోయుచు, దొరల దర్పమును, అధికారుల మాటతీరును అనుకరించును. దొర నెదిరింపజాలని జనము దొరవేషమును చూచి నిర్భయముగా నవ్వెను. ఈ కళకు ప్రాణము పరిశీలనమే.

మన చంద్రపూరువారికి ఇది దూరపు విషయము కాదు. ఈ జిల్లానుండి 1982లో విడివడిన గడ్చిరోలిలోని సిరొంచ ప్రాంతమున తెలుగు నేటికిని వాడుకభాష. ప్రాణహిత ఆవలి యొడ్డు తెలంగాణమే. ఇరుదరుల వృద్ధుల జ్ఞాపకమున ఇట్టి హాస్యోక్తులు మిగిలియున్నచో, వానిని సేకరించుట మన కర్తవ్యము. వ్రాతకెక్కని మాట చెప్పినవానితోనే గతించును.