గుంట మారలేదు, నేల మారింది

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వాసులకు గోల్ఫ్ అనగానే గుర్తొచ్చేది గోల్కొండ నయా ఖిలాలోని మైదానం. ‘ఏనుగుల చెట్టు’ అనే పురాతన వృక్షం ఉన్నదీ అక్కడే.

బంతిని గుంటలోకి దొర్లించడాన్ని పట్టింగ్ అంటారు. 72 దెబ్బల ఆటలో గుంటకు రెండు చొప్పున 36, అంటే సరిగ్గా సగం, దీనికే కేటాయింపు. కండబలంతో పని లేదు. మన వయసువారు కుర్రాళ్ళతో సమానంగా నిలవగలిగేది ఇక్కడే!

పూర్వం మన దేశంలో నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళలో గుంట చుట్టూ పచ్చిక బదులు నూనె కలిపిన ఇసుక పరిచేవారు. దాన్ని ‘బ్రౌన్’ అనేవారు. ఇసుక చదును చేసుకుని కొడితే బంతి తిన్నగా పోయేది. పచ్చిక మీద అలా కుదరదు. వాలు, తేమ, గడ్డి వాలిన దిక్కు చూడాలి. గుంట వెడల్పు మాత్రం 1891 నాటి నాలుగుంపావు అంగుళాలే.

సాధనకు ఇంట్లో తివాచీ, ఒక గ్లాసు చాలు. పట్టు వదులుగా, తల కదలకుండా, మూడడుగుల దూరం నుంచి మొదలుపెట్టాలి.

నడుము వంగని పెద్దలు పొడుగు కర్రను రొమ్ముకు ఆనించి కొట్టేవారు. 2016 జనవరి 1 నుంచి అది నిషిద్ధం. పెద్దవారికైనా మినహాయింపు ఇవ్వవలసింది. ఒంటికి ఆనించకుండా అయితే ఆ కర్ర నేటికీ వాడవచ్చు.