వ్యోమకవచముల చరిత్రము – అది నేర్పు పాఠములు



అంతరిక్షమున కేగువారు ధరించు నుడుపును వ్యోమకవచ మందురు. లోకవ్యవహారమున స్పేస్‌సూట్ అని పేరు. అది వట్టి వస్త్రము కాదు. అంత యెత్తున గాలి లేదు. గాలి యొత్తిడి తప్పినచో మనుష్యుడు కొన్ని క్షణములలో స్మృతి తప్పును. కావున ప్రాణవాయువును, దేహమునకు వలయు నొత్తిడిని ఆ కవచమే సమకూర్పవలెను.

నేను బడిలో చరిత్రము చెప్పినంతకాలము రాజుల విజయములనే పిల్లలచే వల్లె వేయించితిని. తప్పిదములకును చరిత్రము కలదనియు, అది ప్రాణములు గాచుననియు ఈ కవచముల కథ నాకు బోధించినది.

1965 మార్చి 18న సోవియట్టు వీరుడు అలెక్సీ లియొనోవ్ నౌక వెలువడి, శూన్యమున సుమారు 12 నిమిషములు తేలెను. మానవులలో నాతడే ప్రథముడు. మరలి వచ్చునపుడు కవచము లోపలి గాలిచే నుబ్బి బిగిసెను. ఆతడు సాహసించి కొంత గాలిని వెడలించి లోనికి జొచ్చెను. 1971 జూన్ 30న సోయూజ్ 11 నౌక దిగుచుండగా నొక కవాటము తెరచుకొని గాలి యంతయు బోయెను. ఇరుకుటమగు నా నౌకలో కవచములు లేకుండిన మువ్వురును మరణించిరి. నాటి పిమ్మట సోయూజ్ యాత్రికులు ఎక్కునపుడును దిగునపుడును కవచము దాల్చుట నియమమయ్యెను.

పాఠము చెవి కెక్కనిచో నేమగును? 2013 జూలై 9న ఇటలీ దేశీయుడు లూకా పర్మితానో శిరస్త్రాణమున నీరు కనబడెను. త్రాగునీటి సంచి కారినదని తలచి, మూలము నరయక, 16న ఆతనిని మరల వెలుపలికి బంపిరి. ఈ మారు లీటరునకు పైగా నీరు చేరి కన్నులను, ముక్కును గప్పెను. ఆతడు తడుముకొనుచు ద్వారము చేరి బ్రతికెను. పిదప శిరస్త్రాణమున నీటిని బీల్చు మెత్తను, శ్వాసకై గొట్టమును అమర్చిరి. 2022 మార్చి 23న, తెలంగాణమునుండి వలసపోయిన తండ్రికి బుట్టిన రాజా చారితో కూడి పనిచేసిన మథియాస్ మౌరర్ శిరస్త్రాణమున మరల నీరు చేరెను. అప్పటికి మెత్త సిద్ధముగా నుండెను. కారణము తేలువరకు అత్యవసరము కాని బహిర్విహారములను నిలిపిరి.

1969లో చంద్రునిపై నడచిన ఆర్మ్‌స్ట్రాంగు కవచమును కుట్టినది కుట్టుపని నేర్చిన స్త్రీలు. తాటాకునకు చెదలవలె, అందలి రబ్బరునకు కాలమే శత్రువు. వాషింగ్టను ప్రదర్శనశాలవారు దానిని చల్లని పొడిగాలిలో గాపాడి, 2019లో మరల జనులకు జూపిరి. కాని కవచము నిలిచిన జాలదు. కుట్టిన చేతుల యెరుకయు నిలువవలెను. అందుకే అమెరికా వారు వృద్ధులైన కవచశిల్పుల మాటలను వారి నోటనే చెప్పించి భద్రపరచుచున్నారు.

పెద్దలారా! మీ యూరి చెరువుకట్ట యే వరదలో నెచట తెగెనో, యేల తెగెనో మీరెరుగుదురు. ఆ మాట మీతో బోనీయకుడు. చదువు వచ్చిన మనుమని బిలిచి వ్రాయింపుడు. సెలవు.