ప్రొస్టేట్‌కు లేజర్ సర్జరీ: కోల్‌కతాలో సర్జన్‌ను ఎలా ఎంచుకోవాలి? ఇంటికి వచ్చాక తొలి ఆరు వారాలు ఎలా ఉంటాయి?

ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు. రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెద్ద వైద్యం అంటే చాలావరకు కోల్‌కతా ప్రయాణమే. అరవై దాటిన మగవాళ్లను అలా ప్రయాణం కట్టించే సమస్యల్లో ప్రొస్టేట్ గ్రంథి వాపు ఒకటి. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి రావడం, ధార సన్నబడటం, వెళ్లి వచ్చినా ఇంకా మిగిలినట్టు అనిపించడం దీని లక్షణాలు. బిడియంతో చాలామంది వీటిని ఏళ్ల తరబడి ఇంట్లో కూడా చెప్పరు. ఒక రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయాకే ఆసుపత్రికి వెళ్తారు.

అలా హడావుడిగా వెళ్లినప్పుడు సర్జన్‌ను ఎంచుకునే తీరిక ఉండదు. క్యాథెటర్ వేసి మూత్రం తీశాక సాధారణంగా కొన్ని రోజుల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో అడగాల్సిన ప్రశ్నలు, ఆపరేషన్ తర్వాత తెలిసి ఉండాల్సిన విషయాలు ఇవి.

సర్జరీ నిజంగా అవసరమా?

ప్రొస్టేట్ మామూలుగా 20 నుంచి 25 గ్రాములు ఉంటుంది. వయసుతోపాటు పెరుగుతుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. పైగా గ్రంథి ఎంత పెద్దదన్నది ఒక్కటే సర్జరీని నిర్ణయించదు. 80 గ్రాములున్నా పెద్దగా ఇబ్బంది లేనివాళ్లు ఉంటారు. 35 గ్రాములకే మూత్రం ఆగిపోయేవాళ్లూ ఉంటారు.

ఇబ్బందిని కొలవడానికి యూరాలజిస్టులు ఏడు ప్రశ్నల ఐపీఎస్ఎస్ పట్టికను వాడతారు. 35కు గాను 7 వరకు వస్తే స్వల్పం, 8 నుంచి 19 అయితే మధ్యస్థం, 20 లేదా అంతకంటే ఎక్కువైతే తీవ్రం. దీనితోపాటు మూత్రధార వేగం, మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలింది, పీఎస్ఏ, క్రియాటినిన్, యూరిన్ కల్చర్ పరీక్షలు చూస్తారు. ధార వేగం సెకనుకు 10 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉంటే అడ్డంకి ఉందని అనుమానిస్తారు.

మొదట సాధారణంగా టామ్‌సులోసిన్, డ్యూటాస్టెరైడ్ వంటి మందులే ఇస్తారు. మందులు పనిచేయకపోయినా, మూత్రం పదేపదే ఆగిపోయినా, కిడ్నీలపై ప్రభావం పడినా, మూత్రాశయంలో రాళ్లు ఏర్పడినా, తరచూ ఇన్‌ఫెక్షన్లు లేదా రక్తస్రావం అవుతున్నా సర్జరీ ఆలోచిస్తారు.

రెండు విషయాలు తప్పకుండా డాక్టర్‌కు చెప్పాలి. డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలకు పైగా వాడుతుంటే పీఎస్ఏ దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. అది తెలియకపోతే ఆ అంకెను తప్పుగా చదివే ప్రమాదం ఉంది. ఇక ఎన్నో ఏళ్లుగా షుగర్ ఉన్నవారిలో మూత్రాశయ కండరమే బలహీనపడి ఉండొచ్చు. అలాంటప్పుడు అడ్డంకి తీసినా ఆశించిన ఫలితం రాకపోవచ్చు. అనుమానం ఉంటే యూరోడైనమిక్ పరీక్ష అవసరమా అని అడగాలి.

లేజర్ అంటే ఒకే ఆపరేషన్ కాదు

'లేజర్ చేస్తాం' అన్న మాటతో ఆగిపోకూడదు. ఏ లేజర్, ఏ పద్ధతి అని అడగాలి.

హోలెప్‌లో హోల్మియం లేజర్‌తో పెరిగిన భాగాన్ని పై పొర నుంచి, బత్తాయి తొక్క నుంచి తొనల్ని వేరు చేసినట్టు, మొత్తంగా విడదీస్తారు. తర్వాత దాన్ని మూత్రాశయంలోకి నెట్టి, మార్సెలేటర్ అనే పరికరంతో ముక్కలు చేసి బయటకు తీస్తారు. న్యూజీలాండ్‌కు చెందిన యూరాలజిస్ట్ పీటర్ గిల్లింగ్ బృందం 1990లలో దీన్ని అభివృద్ధి చేసింది. చాలా పెద్ద గ్రంథులకూ ఇది పనికొస్తుంది. థులియం లేజర్‌తోనూ ఇదే తరహాలో చేస్తారు. గ్రీన్‌లైట్ పద్ధతిలో కణజాలాన్ని ఆవిరి చేస్తారు. రక్తస్రావం తక్కువే కానీ, బయాప్సీకి పంపడానికి ముక్క మిగలదు.

లేజర్ లేని టీయూఆర్‌పీ కూడా పాతబడిపోయిన వైద్యం కాదు. 30 నుంచి 80 గ్రాముల మధ్య ఉన్న గ్రంథికి, అనుభవం ఉన్న చేతుల్లో, అది ఇప్పటికీ మంచి మార్గమే. లేజర్ దొరకలేదని దిగులు పడాల్సిన పని లేదు.

సర్జన్‌ను ఏం అడగాలి?

హోల్మియం లేజర్‌ను కిడ్నీలో రాళ్లు పగలగొట్టడానికి కూడా వాడతారు. కాబట్టి ఆసుపత్రిలో ఆ మెషిన్ ఉన్నంత మాత్రాన అక్కడ హోలెప్ బాగా చేస్తారని అర్థం కాదు. ఇది నేర్చుకోవడానికి కష్టమైన ఆపరేషన్. చేతికి పట్టు రావడానికి సుమారు 20 నుంచి 50 కేసులు పడుతుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడొద్దు:

• ఈ పద్ధతిలో మీరు సొంతంగా ఎన్ని ఆపరేషన్లు చేశారు? గత ఏడాదిలో ఎన్ని?
• నా గ్రంథి సైజుకు ఇదే ఎందుకు? వేరే దారి ఏమిటి?
• ఆపరేషన్ మీరే చేస్తారా, మీ టీమ్‌లో ఇంకొకరా?
• మీ పేషెంట్లలో మూడు నెలల తర్వాత కూడా మూత్రం లీకయ్యేవారు ఎందరు?
• మధ్యలో మెషిన్ మొరాయిస్తే ఏం చేస్తారు?
• అర్ధరాత్రి సమస్య వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

డాక్టర్‌కు యూరాలజీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అర్హత ఉందో లేదో చూడాలి. రిజిస్ట్రేషన్‌ను మెడికల్ కౌన్సిల్ రికార్డులో సరిచూసుకోవచ్చు. ఈ ప్రశ్నలకు చిరాకుపడే సర్జన్ కంటే, 'మీ సైజుకు నేను టీయూఆర్‌పీయే చేస్తాను, హోలెప్ కావాలంటే ఫలానా చోటికి వెళ్లండి' అని చెప్పే సర్జన్ నయం.

కోల్‌కతాలో ప్రభుత్వ రంగంలో ఎస్ఎస్‌కేఎం, మెడికల్ కాలేజ్ వంటి చోట్ల యూరాలజీ విభాగాలు ఉన్నాయి. ఖర్చు తక్కువ, నిరీక్షణ ఎక్కువ. దక్షిణ తూర్పు రైల్వే నుంచి రిటైరై వైద్య పథకంలో ఉన్నవారు మొదట గార్డెన్ రీచ్‌లోని సెంట్రల్ హాస్పిటల్‌లో అడగాలి. రిఫరల్ లేకుండా ప్రైవేటులో చేరితే తర్వాత బిల్లు రాబట్టుకోవడం కష్టం. బీమా ఉన్నవారు లేజర్ ఫైబర్, మార్సెలేటర్ చార్జీలు ప్యాకేజీలో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులపై ఫిర్యాదులు వినడానికి 2017 నాటి చట్టం కింద పశ్చిమ బెంగాల్‌లో ప్రత్యేక కమిషన్ ఉంది.

బెంగాలీ అంతగా రాని పెద్దవాళ్ల వెంట, ఆ భాషో హిందీయో ధారాళంగా మాట్లాడేవారు ఒకరు ఉండాలి. అంగీకార పత్రంలో ఏముందో తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టాలి.

ముందే తెలియాల్సిన ఒక నిజం

ఈ సర్జరీ తర్వాత ఎక్కువమందిలో వీర్యం బయటకు రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్తుంది. తర్వాత మూత్రంతో కలిసి పోతుంది. ఆరోగ్యానికి హాని లేదు, తృప్తి కూడా చాలామందికి ఉంటుంది. కానీ ఇది సాధారణంగా శాశ్వతం. అంగస్తంభనపై ప్రభావం మాత్రం తక్కువ. దీన్ని భార్యాభర్తలిద్దరికీ ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. పిల్లలు కావాలనుకునేవారు మరీ ముఖ్యంగా అడిగి తెలుసుకోవాలి.

ఇంటికి వచ్చాక

హోలెప్ తర్వాత క్యాథెటర్ సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. కొన్ని వారాలపాటు మంట, ఆత్రం, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం మామూలే. అడ్డంకి పోయినా, ఏళ్ల తరబడి శ్రమపడిన మూత్రాశయం కుదుటపడటానికి సమయం పడుతుంది. దగ్గినప్పుడు, లేచినప్పుడు కొద్దిగా లీకవ్వొచ్చు. చాలామందిలో ఇది వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. కటి కండరాలను బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలను ఆపరేషన్‌కు ముందే నేర్చుకుంటే మేలు.

మూత్రంలో ఎరుపు రెండు నుంచి నాలుగు వారాలు వస్తూ పోతూ ఉంటుంది. అంతా బాగుందనుకున్నాక, పది పద్నాలుగు రోజులకు లోపలి పొక్కులు ఊడి మళ్లీ రక్తం కనిపించొచ్చు. నీళ్లు ఎక్కువ తాగి విశ్రాంతి తీసుకుంటే సాధారణంగా తగ్గుతుంది. గుండె జబ్బుకో, కిడ్నీకో నీళ్ల మీద పరిమితి ఉన్నవారు డాక్టర్ చెప్పినంతే తాగాలి.

సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు, సైకిల్, స్కూటర్ నడపకూడదు. మలబద్ధకం రానివ్వకూడదు. ముక్కితే రక్తస్రావం కావచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో యూరాలజిస్ట్, గుండె డాక్టర్ కలిసి నిర్ణయించాలి. గుండెలో స్టెంట్ ఉన్నవారు సొంతంగా ఆపడం ప్రాణాంతకం కావచ్చు.

సొంతూరికి ప్రయాణం తొందరపడి పెట్టుకోవద్దు. హౌరా నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో ఒక రోజుకు పైనే పడుతుంది. దారిలో గడ్డకట్టిన రక్తం అడ్డుపడి మూత్రం ఆగితే సాయం దొరకదు. కనీసం తొలి ఫాలో అప్ పూర్తయ్యాక, డాక్టర్‌ను అడిగి బయలుదేరడం మంచిది. ఖరగ్‌పూర్ వెళ్లేవారైనా, రాత్రిపూట క్యాథెటర్ వేసి మూత్రాశయాన్ని కడగగలిగే ఆసుపత్రి దగ్గర్లో ఏది ఉందో ముందే కనుక్కోవాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు: మూత్రం పూర్తిగా ఆగిపోవడం, రక్తపు గడ్డలు పడటం, చలితో జ్వరం, వృషణాల వాపు, కాలి పిక్కలో వాపు, ఛాతీ నొప్పి, ఆయాసం.

ఫైల్ మూసేయకండి

తీసిన కణజాలం బయాప్సీ రిపోర్టును తప్పకుండా చేతికి తీసుకోండి. కొందరిలో దాగి ఉన్న క్యాన్సర్ అక్కడే బయటపడుతుంది. ఆపరేషన్‌లో ప్రొస్టేట్ బయటి పొర అలాగే ఉంటుంది కాబట్టి పీఎస్ఏ పరీక్షలు తర్వాత కూడా కావాలి. కొన్ని నెలల తర్వాత ధార మళ్లీ సన్నబడితే మూత్రనాళం బిగుసుకుందేమో చూపించుకోవాలి. గతంలో టామ్‌సులోసిన్ వాడినవారు, కంటి శుక్లం ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు ఆ సంగతి కంటి డాక్టర్‌కు చెప్పాలి. ఆ మందు ఆపేసినా, కంటిపాపపై దాని ప్రభావం ఉండొచ్చు.