పట్టిసం: పేరు వెనుక కథ

రాజమండ్రి చూడవచ్చే మిత్రులారా, ఒక పూట పట్టిసీమకు కేటాయించండి. గోదావరి దాటి కొవ్వూరు, తాళ్లపూడి మీదుగా ఎగువకు వెళ్తే రేవు వస్తుంది. నది నడుమ దేవకూటాద్రి. దానిపై వీరభద్రుడు, క్షేత్రపాలకుడుగా భావనారాయణుడు.

పట్టిసమంటే ఒక ఆయుధం. దక్షుని శిరస్సు ఖండించిన వీరభద్రుడు దానిని ఇక్కడి నీటిలో కడిగెనని, అందువలననే ఈ పేరు కలిగెనని స్థలపురాణం.

2015లో ఎత్తిపోతల పథకం వచ్చాక పత్రికలలో పట్టిసీమ అంటే 24 పంపులే అయినవి. అవి గోదావరి జలాన్ని పోలవరం కుడికాలువలోకి ఎత్తి కృష్ణా డెల్టాకు పంపుతాయి. తప్పక చూడండి. తిరుగుదారిలో రాజమండ్రి దిగువన ధవళేశ్వరంలోనూ ఆగండి. 1847-52 నడుమ కాటన్ కట్టించిన ఆనకట్ట గోదావరి డెల్టాకు అన్నం పెట్టింది. నేడు దాని స్థానంలో బ్యారేజీ నిలిచి ఉన్నది.

వరద రోజులలో మాత్రం పడవ ఎక్కవద్దు. ఎగువన కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న జరిగిన పడవ ప్రమాదం మరువదగినది కాదు.

పథకానికి పేరునిచ్చినది ఊరు. ఊరికి పేరునిచ్చినది ఆయుధం. పిల్లలకు పంపుల లెక్క తెలిసి, పట్టిసం అర్థం తెలియకపోతే ఆ లోటు నావంటి పంతుళ్లదే.