కమ్మింగ్ పంక్తి భోజనం: ఫోర్సైత్ కౌంటీ తెలుగిళ్ల వంటల పూర్వాపరాలు

జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటాకు ఉత్తరాన సుమారు 40 మైళ్ల దూరంలో ఉన్న కమ్మింగ్, మన జిల్లా వంటి పరిపాలనా విభాగమైన ఫోర్సైత్ కౌంటీకి ముఖ్యపట్టణం. 1834లో పురపాలక ప్రతిపత్తి పొందిన ఈ పట్టణ జనాభా 2020 జనగణనలో 7,318 మాత్రమే. అయితే కమ్మింగ్ అన్న తపాలా చిరునామా పట్టణ సరిహద్దును దాటి కౌంటీలో చాలా భాగానికి చెల్లుతుంది కనుక, తమది కమ్మింగ్ అని చెప్పుకునే తెలుగువారిలో ఎక్కువమంది నిజానికి పట్టణానికి దక్షిణాన, అట్లాంటా వైపు విస్తరించిన కాలనీలలో నివసిస్తున్నారు. వారు ఒకరికొకరు చెప్పుకొని, వండుకొని, పంచుకునే వంటలకు ఈ నేల మీద ముప్పై ఏళ్లకు మించిన చరిత్ర లేదు. కానీ ఆ వంటలలోని దినుసులు, నలుగురూ తెచ్చిన గిన్నెలు ఒకచోట చేర్చి తినే ఆచారం ఇక్కడ అంతకంటే చాలా పాతవి. ఈ రెండు చరిత్రలను విడదీసి చెబితే రెండూ అరకొరగానే మిగులుతాయి.

ఈ నేల మొదట చెరోకీలది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వారి ప్రధాన పంటలు. మొక్కజొన్నను కట్టెబూడిద కలిపిన నీటిలో ఉడికించి పొట్టు వదలగొట్టి వండుకోవడం ఈ ఖండపు ఆదివాసులు తరతరాలుగా ఎరిగిన పద్ధతి. దక్షిణాది అమెరికన్లు ఉదయం పూట తినే గ్రిట్స్, అంటే మొక్కజొన్న రవ్వతో కాచే గట్టి జావ, ఆ ఆదివాసుల వంట నుంచే వచ్చింది. జార్జియా శాసనసభ 2002లో దానిని రాష్ట్ర అధికారిక వంటకంగా ప్రకటించింది. కౌంటీ పడమటి భాగంలో సెటెన్‌డౌన్ వాగు మీద 1901లో కట్టిన పూల్స్ మిల్ కప్పువంతెనను చూడడానికి వెళ్లే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ వంతెన పక్కన 1820 ప్రాంతంలో నీటితో తిరిగే పిండిమరను పెట్టినవాడు జార్జ్ వెల్చ్ అనే చెరోకీ నాయకుడు. 1832లో రాష్ట్ర ప్రభుత్వం చెరోకీ భూములను ముక్కలు చేసి లాటరీ ద్వారా తెల్లవారికి పంచింది. 1838లో సైన్యం చెరోకీలను పడమటికి తరలించింది. పిండిమర మాత్రం ఆ తరువాత కూడా కొత్త యజమానుల చేతిలో తిరిగింది.

రెండవ పొర ఆఫ్రికా సంతతివారిది. తెలుగు వంటకు ఇది మరింత దగ్గరైనది కనుక ఇక్కడ కొంత నిలవాలి. తెలుగువారు అచ్చంగా తమవని తలచే దినుసులలో జొన్న, అలసంద (కొన్ని ప్రాంతాలలో దీనినే బొబ్బర్లు అంటారు), చింత, గోంగూర ఆఫ్రికా ఖండంలో పుట్టినవని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వాటిలో చాలావరకు వేల సంవత్సరాల క్రితమే సముద్రం దాటి భారతదేశానికి వచ్చి, పరాయివన్న గుర్తు కూడా మిగలకుండా మన పొలాలలో కలిసిపోయాయి. అదే అలసంద, దానితోపాటు బెండ, నువ్వులు, బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికన్ల చేతుల మీదుగా అమెరికా దక్షిణాదికి చేరాయి. వేరుశనగ పుట్టినిల్లు దక్షిణ అమెరికా అయినా, ఈ ప్రాంతానికి అది ఆఫ్రికా మీదుగా తిరిగి వచ్చింది. తియ్యజొన్న 1850ల్లో ఈ దేశంలో ప్రవేశించి ఉత్తర జార్జియా కొండ పల్లెలలో స్థిరపడింది. మన పల్లెలలో జొన్న గింజను రొట్టెకూ చొప్పను పశువులకూ వాడితే, ఇక్కడివారు తియ్యజొన్న కాడలను గానుగలో పిండి, రసాన్ని వెడల్పాటి పెనాలలో కాచి, బెల్లపు పాకం వంటి సిరప్‌ను తీస్తారు. కొత్త సంవత్సరం నాడు అలసందలను అన్నంతోనూ ఆకుకూరతోనూ తింటే ఏడాదంతా కలిసివస్తుందన్న దక్షిణాది నమ్మకానికి మూలం కూడా ఈ నల్లవారి వంటిళ్లే.

ఈ వంటలను నిలబెట్టినవారిని ఫోర్సైత్ కౌంటీ 1912లో వెళ్లగొట్టింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఒక శ్వేతజాతి యువతిపై దాడి జరిగిన దరిమిలా, రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి కమ్మింగ్ నడిబొడ్డున మూక చంపివేసింది. ఆ తరువాతి వారాలలో రాత్రిపూట గుర్రాల మీద తిరిగే మూకలు ఇళ్లు తగలబెట్టి, కాల్పులు జరిపి, 1910 జనగణనలో 1,098గా నమోదైన నల్లజాతి జనాభాను దాదాపు పూర్తిగా కౌంటీ నుంచి తరిమివేశాయి. వారి చర్చిలు బూడిదయ్యాయి, పొలాలు పరుల పాలయ్యాయి, పెరటి పాదులు పాడుబడ్డాయి. 1950ల్లో బ్యూఫోర్డ్ ఆనకట్ట వెనుక నిండిన లేనియర్ సరస్సు ఆ పొలాలలో కొన్నింటిని ముంచివేసింది. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ఆధ్వర్యంలో సాగిన చిన్న ఊరేగింపుపై రాళ్లు పడగా, వారం తరువాత సుమారు 20,000 మంది కమ్మింగ్ వీధులలో నడిచారు. రాబ్ ఎడ్వర్డ్స్ హత్యను తెలిపే ఫలకం పట్టణంలో వెలసినది 2021లో. ఈ కౌంటీలో బెండకాయ వేపుడునో అలసంద వడనో పొరుగువారికి పంచే ప్రతి తెలుగు కుటుంబానికీ ఈ సంగతి తెలిసి ఉండాలి. గోధుమవన్నె చర్మం గల మనిషి ఇక్కడ నిర్భయంగా ఇల్లు కొనుక్కోగలిగిన పరిస్థితి ఆ నడకల తరువాతనే ఏర్పడింది.

మిగిలిన శ్వేతజాతి రైతులు పత్తి దెబ్బతిన్న తరువాత కోళ్ల పెంపకానికి మళ్లారు. వారి విందు పద్ధతి తెలుగువారికి అపరిచితం కాదు. చర్చి ఆవరణలో చెట్ల కింద బల్లలు వేసి, ప్రతి ఇల్లాలూ మూతపెట్టిన గిన్నెలో తన పేరు నిలిపే వంటకాన్ని తెచ్చి, అందరూ కలిసి తినే ఆచారం ఇక్కడ ఉంది. అలాంటి విందులలో మెప్పు పొందిన వంటలను సంఘాలవారు పుస్తకంగా వేసి, ఆ రాబడిని మంచి పనులకు వాడడం అమెరికాలో అంతర్యుద్ధ కాలంలో, 1864లో ఫిలడెల్ఫియాలో వెలువడిన ఒక పుస్తకంతో మొదలైంది. అట్లాంటా పత్రికలో వంటల శీర్షిక నడిపిన శ్రీమతి ఎస్. ఆర్. డల్ 1928లో ప్రకటించిన దక్షిణాది వంటల పుస్తకం జార్జియా వంటిళ్లలో, మన ఇళ్లలో మాలతీ చందూర్ ‘వంటలు – పిండివంటలు’ వలె, తల్లి నుంచి కూతురికి అందింది.

తెలుగువారి రాక రెండు దశలలో జరిగింది. 1965 వలస చట్టం తరువాత వచ్చిన వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడి 1981లో అట్లాంటా తెలుగు సంఘాన్ని, అంటే తామాను స్థాపించారు. వారిలో ఫోర్సైత్ వైపు చూసినవారు అరుదు. 1990ల చివర కంప్యూటర్ ఉద్యోగాల వెల్లువలో ఆల్ఫరెట్టా వద్ద 400వ నంబరు రహదారి వెంట కార్యాలయాలు పెరిగి, ఆ రహదారి మీద మరికొంత ఉత్తరంగా ఉన్న ఫోర్సైత్ కౌంటీలో కొత్త ఇళ్లూ మంచి పేరున్న ప్రభుత్వ పాఠశాలలూ రావడంతో వలస ఇటు తిరిగింది. 1990లో 44,083 ఉన్న కౌంటీ జనాభా 2000లో 98,407కూ, 2020లో 2,51,283కూ చేరింది. చివరి లెక్కలో ఆసియా సంతతివారు సుమారు 18 శాతం. 1912 నాటి కౌంటీయేనా ఇది అని చరిత్ర చదివినవారు నిలబడి ఆలోచించవలసిన సంఖ్య అది.

ఈ ఇళ్ల మధ్య తిరిగే వంటలలో అగ్రస్థానం చింతపండు పులిహోరది. అందుకు కారణాలు ఆ వంటలోనే ఉన్నాయి. చింతపండు పులుపు, ఉప్పు, నూనె, ఇంగువ కలిసి అన్నాన్ని త్వరగా పాడుకానివ్వవు. చల్లారినకొద్దీ రుచి పెరుగుతుంది. ఉల్లి, వెల్లుల్లి లేవు కనుక గుడికీ పనికివస్తుంది, పసివారి నుంచి పెద్దల వరకు అందరూ తింటారు. కిలో సోనా మసూరి బియ్యాన్ని పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, వేడి తగ్గకముందే పసుపు, నువ్వుల నూనె, పచ్చి కరివేపాకు కలిపి మూసి ఉంచితే ఆ ఆవిరికి ఆకు వాసన ప్రతి మెతుకుకూ పడుతుంది. పావుకిలోకు కొంచెం తక్కువ చింతపండు గుజ్జును పచ్చిమిర్చితో నూనె పైకి తేలేదాకా ఉడికించి కలిపిన తరువాత, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, వేరుశనగలతో పోపు పెడతారు. కొందరు చివర ఆవపిండి కలుపుతారు. మరికొన్ని ఇళ్లలో వేయించిన నువ్వులూ మెంతుల పొడి వేస్తారు. ఏ జిల్లావారు ఏది వేస్తారన్న చర్చ ఇక్కడి విందులలో ఎడతెగనిది. అల్యూమినియం ట్రేలలో నింపి కారు వెనక పెట్టుకొని వెళ్లే ఈ పులిహోరలో పోపు పల్లీలు చాలావరకు జార్జియా గింజలే కావచ్చు. దేశపు వేరుశనగలో దాదాపు సగం ఈ రాష్ట్రానిదే, 1995 నుంచి అదే రాష్ట్ర అధికారిక పంట. పొలాలు రాష్ట్రపు దక్షిణ భాగంలో ఉన్నా, పచ్చికాయలను ఉప్పునీటిలో గంటల తరబడి ఉడికించి దారి పక్కన అమ్మే అలవాటు రాష్ట్రమంతటా కనబడుతుంది. అనంతపురం వైపు పంట పీకిన రోజుల్లో ఉడకబెట్టుకునే కాయల రుచి ఎరిగినవారు ఆ బండి దగ్గర ఆగకుండా వెళ్లలేరు.

గోంగూర కథ వేరు. ఉత్తర జార్జియా ఎర్ర బంకనేల, ఎండాకాలపు ఉక్క దానికి బాగా నచ్చాయి. ఏప్రిల్ నడిమిదాకా మంచు భయం ఉంటుంది కనుక ఆ తరువాత విత్తితే వేసవి పొడుగునా కోత దొరుకుతుంది, నవంబరు తొలి మంచుకు మొక్క చనిపోతుంది. ఆ కొద్ది నెలల్లో పండిన ఆకు ఒక ఇంటికి ఎక్కువ కావడం వల్లనే గోంగూర కట్టలు గడపలు దాటుతాయి, వాటి వెంట పచ్చడి పద్ధతులూ దాటుతాయి. ఆకును నీరు ఇగిరేదాకా నూనెలో మగ్గించి, వేయించిన ఎండుమిర్చి, ధనియాలు, మెంతులతో నూరడం వరకు అందరిదీ ఒకటే. వెల్లుల్లి దగ్గరా, ఉల్లి దగ్గరా మాత్రం దారులు చీలుతాయి. కరివేపాకు అంత సులభం కాదు. నారింజ జాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేప మీద కూడా బతుకుతుంది కాబట్టి ఆ మొక్కల, ఆకుల రాకపోకలపై వ్యవసాయ శాఖ ఆంక్షలు పెట్టింది. చలికాలంలో కుండీని ఇంట్లోకి చేర్చి కాపాడుకున్న కరివేప చెట్టు గల ఇల్లు ఇరుగుపొరుగులో ప్రత్యేక గౌరవం పొందుతుంది. ఆ గౌరవం న్యాయమైనదే.

పంచుకోవడానికి తెలుగు పంచాంగంలోనే సందర్భాలున్నాయి. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వండుకొని తినే వనభోజనం, ఉసిరి లేని ఈ ప్రాంతంలో, ఓక్ చెట్ల కింద, పార్కుల షెడ్లలో, ఇంటికో వంటకం చొప్పున నడుస్తుంది. తెలంగాణవారు సద్దుల బతుకమ్మ నాడు చింతపండు, నిమ్మ, పెరుగు, నువ్వులు, కొబ్బరి కలిపిన అన్నాలను, అంటే సద్దులను, చేసుకొని, రొట్టెను బెల్లంతో నలిపి చేసే మలీదతో కలిపి, ఆట ముగిశాక ఒకరి చేతిలో ఒకరు పెడతారు. అలసందలతో చేసే వడలు కొత్త సంవత్సరం నాడు ఇక్కడి పొరుగువారి అలసంద అన్నం పక్కన చేరితే, ఒకే గింజ రెండు సముద్రాలు దాటి వచ్చి ఒకే బల్ల మీద కలుసుకున్నట్లు గ్రహించాలి.

అయితే ఈ జ్ఞానమంతా ఇప్పుడు ఫోన్లలోనూ పెద్దల నోటిలోనూ ఉంది. పిల్లల పురుళ్లకు, చదువులకు సాయంగా వచ్చి ఆరు నెలలుండి వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు చెప్పిన కొలతలు వారితోపాటే విమానం ఎక్కి వెళ్లిపోతున్నాయి. చర్చి సంఘాలు నూరేళ్లకు పైగా చేస్తున్న పనిని కమ్మింగ్ తెలుగువారు ఇంకా చేయకపోవడం లోపమే. ప్రతి ఇల్లూ తనకు పేరు తెచ్చిన ఒక్క వంటనైనా, దానిని నేర్పినవారి ఊరు, కొలతలు, ఇక్కడ దొరకనందువల్ల మార్చిన దినుసు, చేసిన ఏడాదితో సహా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, సంకలనం చేసి, ఒక ప్రతిని కౌంటీ గ్రంథాలయానికి ఇవ్వాలి. ఆ పుస్తకపు తొలి పుటలలో చెరోకీల మొక్కజొన్నకూ, 1912లో ఇళ్లు విడిచిన నల్లజాతివారి పెరటి పాదులకూ చోటుండాలి. వచ్చే కార్తీక వనభోజనానికి వచ్చేవారు గిన్నెతోపాటు ఆ కాగితం కూడా వెంట తేవలసిందిగా ఈ వ్యాసం కోరుతోంది.