వేసవి తాపం నుంచి గృహాలకు రక్షణ – కిటికీ అద్దాల ఫిల్ముపై వివరణ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో కొత్తగా నిర్మించే గృహాలకు చెక్క రెక్కల కిటికీల స్థానంలో అల్యూమినియం చట్రాల అద్దాల కిటికీలు అమర్చడం సాధారణమైంది. ఎండ తగిలే సాదా అద్దం సూర్యతాపంలో 80 శాతానికి పైగా లోపలికి ప్రవేశింపజేస్తుంది. ఈ నేపథ్యంలో అద్దాలకు అతికించే ఫిల్ము గురించి పాత్రికేయులకు, అధికారులకు ఉపయుక్తమగు వివరాలు ఇవి.

2015 మే నెలలో వీచిన వడగాలులకు ఉభయ తెలుగు రాష్ట్రాలలో రెండు వేల మందికి పైగా మరణించారు. అప్పటికి ఈ మూడు పట్టణాలూ నల్గొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడగా కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే కొనసాగుతున్నది. పగలంతా ఇంటిపట్టునే ఉండే వృద్ధులు, బాలింతలు, పసిపిల్లలకు గది లోపలి వేడిమి ప్రాణాంతకం కాగలదు.

ఫిల్ము విక్రేతలు సాధారణంగా "99 శాతం అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది" అని ప్రకటిస్తారు. ఇది నిజమే కావచ్చును గాని, సూర్యశక్తిలో ఆ కిరణాల వాటా సుమారు 5 శాతం మాత్రమే. మిగిలినదంతా దాదాపుగా వెలుతురు, పరారుణ కిరణాలే. కనుక కొనుగోలుదారులు అడిగి తెలుసుకోవలసినది మొత్తం సూర్యతాపంలో ఎంత శాతాన్ని ఫిల్ము నిరోధిస్తుందన్న అంకెను. నల్లని ఫిల్ము అన్నింటికన్న చల్లన అనుకోవడం కూడా పొరపాటే. అది వేడిని పీల్చుకొని, కొంత భాగాన్ని తిరిగి గదిలోకే వదులుతుంది. అద్దం అధికంగా వేడెక్కి పగిలే ప్రమాదమూ ఉన్నందున రెండు పొరల అద్దాలకు అతికించే ముందు తయారీదారు సలహా తీసుకొనవలెను.

మే నెల ప్రథమార్ధంలో ఈ ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు దక్షిణపు కిటికీపై పడే ఎండ స్వల్పం. ఉదయం తూర్పు, సాయంత్రం పడమర కిటికీలకే ఏటవాలు ఎండ తగులుతుంది. పరిమిత వ్యయంతో ఫిల్ము వేయించదలచిన వారు పడమటి గదితో ప్రారంభించుట మేలు. కిటికీ వెలుపల వెదురు తడకగాని, తడిపిన వట్టివేళ్ల తెరగాని కడితే ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది. ఈ పాత పద్ధతికి ఫిల్ము సాటిరాదు. రాత్రి గాలి చల్లబడిన పిదప కిటికీలు తెరచి ఉంచవలెను.

అయితే నడినెత్తి ఎండను భరించేది పైకప్పు. రేకుల ఇళ్లలో, పై అంతస్తు గదులలో ఫిల్ము వలన కలిగే ప్రయోజనం అల్పం. అట్టి ఇళ్లకు తెల్లసున్నం లేదా ఎండను ప్రతిఫలించే పూతయే తగినది. రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న 2023–28 కాలానికి కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. దీని ప్రకారం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలో నిర్మించే గృహాలకు చల్లని పైకప్పు తప్పనిసరి, అంతకు తక్కువైన వాటికి ఐచ్ఛికం. తాపానికి ఎక్కువగా గురయ్యే చిన్న ఇళ్లు ఈ రెండవ కోవలోనివే కనుక వార్తలలో ఈ తేడాను స్పష్టం చేయగలరు.

మరొక విషయం. ఫిల్ములపై సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న ఇచ్చిన తీర్పు మోటారు వాహనాల అద్దాలకు సంబంధించినది. గృహాల కిటికీలకు అది వర్తించదు.