కౌమారంలో నిర్ణయశక్తి, సైన్సు చదువుపై ధీమా

ఎదుట ఉన్న దారులను గుర్తించి, ఒక్కోదాని మంచిచెడ్డలు బేరీజు వేసి, ఒకదాన్ని ఎంచుకుని, దాని ఫలితానికి బాధ్యత వహించగలగడమే నిర్ణయశక్తి. ఒక ప్రయోగాన్నో లెక్కనో తాను చేయగలనని విద్యార్థికి ఉండే నమ్మకం సైన్సుపై ధీమా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా లెక్కించే 10–19 ఏళ్ల వయసులో ఈ రెండూ ఒకదాన్నొకటి నిలబెడతాయి, కొన్నిసార్లు కుంగదీస్తాయి.

మెదడులో ఉద్వేగాలకు స్పందించే భాగాలు ఈ వయసులో ముందే చురుకెక్కుతాయి. ఆలోచించి అదుపు చేసే ముందుభాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో 13–16 ఏళ్లవారు కంప్యూటర్‌పై కారు నడిపే ఆటలో ఒంటరిగా ఉన్నప్పటికంటే తోటివారు పక్కనున్నప్పుడు ఎక్కువ తెగించారు. అంతమాత్రాన వీరికి ఆలోచన చేతకాదనుకోకూడదు. నిదానంగా కూర్చోబెట్టి అడిగితే పదహారేళ్ల పిల్లలు పెద్దలకు దాదాపు దీటుగా తర్కిస్తారు. ఒత్తిడిలో పడ్డ మనిషి నిర్ణయాన్ని వాయిదా వేయడం, ఇంకొకరి మీదికి నెట్టడం, కంగారులో చేతికందింది పట్టుకోవడం గురించి ఇర్వింగ్ జానిస్, లియాన్ మాన్ 1977లోనే వివరించారు.

అదే ఏడాది ఆల్బర్ట్ బందూరా 'చేయగలను' అనే నమ్మకానికి నాలుగు మూలాలు చెప్పారు: సొంతంగా సాధించిన అనుభవం, తనలాంటివారు సాధించడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, మనసు–ఒంటి స్థితి. వీటిలో మొదటిది అన్నిటికన్నా బలమైనది. షారీ బ్రిట్నర్, ఫ్రాంక్ పజారెస్ 2006లో అమెరికా మిడిల్ స్కూలు విద్యార్థులపై ప్రచురించిన అధ్యయనంలోనూ సైన్సు ధీమాకు అదే ముఖ్య ఆధారంగా తేలింది. వట్టి మెచ్చుకోలు ఎక్కువ కాలం నిలవదు.

సొంతంగా సాధించడంలోని బలం ఓమ్ నియమం ప్రయోగంలో కళ్లకు కడుతుంది. నిక్రోమ్ తీగకు బ్యాటరీ, అమ్మీటరు, ఓల్టు మీటరు కలిపి అయిదు రీడింగులు తీస్తే గ్రాఫులో నాలుగు బిందువులు సరళరేఖపై కూర్చుని, ఒకటి పక్కకు జరిగిందనుకుందాం. దాన్ని చెరిపేసి రేఖకు సరిపడే అంకె రాయాలా? పక్క బెంచీ రికార్డు చూసి దించాలా? వైరు బిగింపు సరిచూసి మళ్లీ రీడింగు తీయాలా? మూడో దారి పట్టిన విద్యార్థి బిగింపు వదులైన సంగతిని తానే కనిపెడతాడు. తప్పు జరిగినా దిద్దుకోగలనన్న నమ్మకం అక్కడ మొదలవుతుంది. ఉపాధ్యాయుడు ప్రయోగాన్ని బల్లమీద తానే చేసి చూపి, రికార్డును బోర్డు చూసి రాయించే తరగతిలో ఈ అవకాశమే ఉండదు.

మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం విద్యార్థి తానే ప్రయోగం చేసే పద్ధతిని మామూలు ప్రభుత్వ బడుల్లోకి తెచ్చింది. 6–8 తరగతుల పిల్లలు చవక పరికరాలతో తామే ప్రయోగాలు చేసేవారు, పుస్తకం తెరిచి పెట్టుకుని పరీక్ష రాసేవారు. వెయ్యి దాకా బడులకు విస్తరించాక 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. భారతదేశంలో సైన్సు చదువుకు జరిగిన పెద్ద నష్టాల్లో అదొకటి.

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని భద్రావతి లాంటి ఊళ్లలో నిర్ణయశక్తికీ, సైన్సుపై ధీమాకూ అసలు పరీక్ష పదో తరగతి తర్వాత వస్తుంది. ఒకప్పుడు భాందక్‌గా పేరున్న ఈ ఊరి చుట్టూ బొగ్గు గనులు, ఆయుధ కర్మాగారం ఉన్నాయి. అక్కడి విద్యార్థి పదకొండో తరగతిలో సైన్సు, కామర్స్, ఆర్ట్స్‌లో ఒకటి ఎంచుకోవాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇంటర్ గ్రూపు ఎంపిక ఇలాంటిదే. చాలా ఇళ్లలో అది మార్కుల మీదో, మేనమామ మాట మీదో, స్నేహితులు చేరిన కాలేజీ మీదో తేలిపోతుంది.

జిల్లాలో బల్లార్‌పూర్, రాజూరా వైపు తెలుగు కుటుంబాలున్నాయి. రాజూరా 1956కు ముందు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నడిచే పిల్లలకు పదకొండో తరగతి సైన్సులో ఇంగ్లీషు ఎదురవుతుంది. అప్పుడు పాఠం అర్థం కాకపోవడానికి, భాష అందకపోవడానికి తేడా తెలియక తమకు సైన్సే రాదనుకునే ప్రమాదముంది. అలాంటి విద్యార్థి ధీమాను మార్కులతో కొలవకూడదు. తెలిసిన భాషలో వివరించమని, ప్రయోగం చేసి చూపమని అడిగాకే శాఖ ఎంపికపై సలహా ఇవ్వాలి.